ఎడమ తలుపు మీద పూత

ఆ ఆదివారం ఉదయం అతని పథకం చాలా చిన్నది. మామగారు క్షవరానికి వెళ్లి వచ్చేలోగా కారు ఎడమ తలుపు మీది గీతను కప్పేయాలి. ముందురోజు ఆయన్నే అడిగి తీసుకెళ్లిన కారు. కాలేజీ గేటు స్తంభానికి రాసుకుంది. స్తంభమే అడ్డొచ్చిందని దారి పొడవునా తనకు తాను చెప్పుకున్నాడు గానీ నమ్మలేకపోయాడు.

అతను కెమిస్ట్రీ లెక్చరర్. ఏ సీసా మూత తీయాలన్నా ముందు కిటికీ తెరవమని చెప్పీ చెప్పీ ‘జాగ్రత్తల మాస్టారు’ అనిపించుకున్నవాడు. మామగారు అంతకన్నా ఘనులు. కొన్ననాటి నుంచి కారుకు గోరంత గీత పడనివ్వలేదని ఇంటికొచ్చిన ప్రతివారికీ చెబుతారు. తాళాలిస్తూ అల్లుడికీ చెప్పారు. ఆయన తిడతారని కాదు అతని భయం. ఏమీ అనకుండా ఒకసారి చూసి ఊరుకుంటారేమోనని.

అందుకే స్ప్రే డబ్బా కొన్నాడు. కారు రంగు మీద కొడితే రబ్బరు పొరలా ఆరుతుంది, వద్దనుకున్నప్పుడు ఒలిచేయవచ్చు. రంగు పాడవకుండా వేశానంటే మెచ్చుకుంటారు కూడా. ఎవరూ చూడకూడదని గ్యారేజీ షట్టరు పూర్తిగా దించి, వెంటిలేటరు వెలుతురులోనే పని మొదలుపెట్టాడు. ‘గాలి ఆడే చోట మాత్రమే వాడాలి’ అని డబ్బా మీద ఎర్రక్షరాలున్నాయి. ఆ వాక్యానికి అతను పరీక్షల్లో మార్కులు కూడా వేశాడు.

మూడో పూతకు తల తిరిగింది. కళ్లు ధారలు కట్టాయి. లోపలి తలుపు గుండా వంటింట్లోకి వచ్చి పడేసరికి, అత్తగారు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని సిలిండరు వైపు చూస్తున్నారు. గ్యాసు లీకవుతోందని అప్పటికే తేల్చేశారు. నిజం చెప్పడానికి నోరు తెరిచాడు. ఆవిడ అతని కన్నీళ్లు చూసి కరిగిపోయారు.

"కంగారుపడకండి బాబూ, అందరం క్షేమంగానే ఉన్నాం."

అంత ప్రేమ తర్వాత నిజం చెప్పడం అతని వల్ల కాలేదు. ఈలోగా భార్య వచ్చింది.

"మీరు చదివింది ఇదేగా. ఏం వాసనండీ ఇది?"

"గ్యాసే కావచ్చు," అన్నాడు.

తన చదువును ఇంత నీచానికి వాడతానని అతను ఎన్నడూ అనుకోలేదు. ఆ ఒక్క మాటతో పై వాటాల వాళ్లంతా మెట్లు దిగి వీధిలో నిలబడ్డారు. ఒకాయన మొహానికి సబ్బు నురగతోనే వచ్చేశాడు. గ్యాసు మెకానిక్ వచ్చి గొట్టం పొడవునా సబ్బునీళ్లు రాస్తుంటే, లెక్చరరు గిన్నె పట్టుకుని నిలబడ్డాడు. బుడగ రాకపోతే హమ్మయ్య అని నిట్టూర్చాడు కూడా. ఆ నిట్టూర్పు ఎంత సహజంగా వచ్చిందో చూసి తనంటే తనకే రోత పుట్టింది.

లీకు ఎక్కడా లేదని మెకానిక్ తేల్చాడు. "అయితే గ్యారేజీలోంచేమో," అంటూ అత్తగారు లోపలి తలుపు తీశారు. చీకటిగా ఉందని స్విచ్చు మీదికి చెయ్యి చాచారు. ఆ గది నిండా మండే స్ప్రే ఆవిరే. ఒక్క నిప్పురవ్వ చాలు. అతను ఆవిడ మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు.

"స్విచ్చు వెయ్యకండి అత్తయ్యగారూ. గ్యాసు కాదు. నేనే."

ఆ కేక వీధి వీధంతా విన్నది. షట్టరు ఎత్తి అతను మొత్తం ఒప్పుకుంటూ ఉండగానే, నున్నగా గీసిన గడ్డంతో మామగారు వచ్చి వెనక నిలబడ్డారు. ఏమీ అనలేదు. ఒకసారి చూశారు.

"తీసేస్తాను మామయ్యగారూ, ఊరికే ఒలిచేస్తే వచ్చేస్తుంది," అంటూ అతను పొర అంచు పట్టుకున్నాడు.

"వద్దు. అలాగే ఉండనీ," అన్నారు మామగారు. ఆ గొంతులో తొందర ఎందుకో అతనికి అర్థం కాలేదు. అప్పటికే లాగేశాడు.

పొరతో పాటు రంగూ ఊడొచ్చింది. కంపెనీ రంగయితే అంత తేలిగ్గా లొంగేది కాదు. ఇది తర్వాతెప్పుడో పైన పూసిన రంగు, స్ప్రేలోని ద్రావణికి మెత్తబడిపోయింది. దాని కింద పళ్లెమంత మేర లప్పం. లప్పం పెచ్చు రాలితే కింద లోతైన సొట్ట. గేటు స్తంభం గీసిన గీత దాని పక్కన వెంట్రుకలా ఉంది.

అత్తగారు ఆ సొట్టలో వేళ్లు పెట్టి చూశారు.

"మన కారుకి గీతే పడలేదన్నారుగా. ఇదెప్పటిదండీ?"

మామగారు నేల చూపులు చూశారు. తన మొహం అద్దంలో ఎలా ఉంటుందో లెక్చరరుకు ఆ క్షణంలో తెలిసింది. జాలితో ఆయన వైపు ఒక అడుగు జరిగి పక్కన నిలబడ్డాడు. ఇద్దరూ కలిసి చక్రం వైపు చూస్తూ ఉండిపోయారు.

ఆ రోజు నుంచి కారు తాళాలు అత్తగారి దగ్గరే ఉంటున్నాయి. ఆవిడకు డ్రైవింగ్ రాదు.