కంట్లో ప్రొటీను

ఆదివారం టిఫిను వేళకల్లా అత్తగారి ఊళ్లో పన్నెండు మంది ఆడవాళ్ల కళ్లు కాపాడేసి, మధ్యాహ్నం భోజనానికి విజయనగరం తిరిగి వచ్చేయాలని గోవింద్ అనుకున్నాడు. అతను కాలేజీలో జీవరసాయన శాస్త్రం చెబుతాడు. అత్తగారు మరిడమ్మ భోగాపురం దగ్గర సంతలో చేపలు అమ్ముతుంది.

"సూడత్తా, కంట్లో కటకం అంతా ప్రొటీనే. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఏళ్ల తరబడి తగిలితే ఆక్సీకరణ జరిగి, ఆ ప్రొటీన్ల మడతలు సెడిపోతాయి. ఒకదానికొకటి అతుక్కుని ఉండలు కడతాయి. ఉడికిన గుడ్డుసొన తెల్లబడదా? అలాగ సూపు మసకేస్తాది. అదే శుక్లం."

"అంటే మా కళ్లు ఉడికిపోతన్నాయా అల్లుడూ?"

"ఉడకడం కాదత్తా... అలాటిదే."

అర్థం కాకపోయినా అల్లుడు లెక్చరరు కదా! మరిడమ్మ అతను తెచ్చిన నల్లకళ్లద్దాలు తనొకటి పెట్టుకుని, తోటివాళ్లకి పంచింది. తలమీద బుట్టలు, కళ్లకి నల్లద్దాలు. పన్నెండు మందీ వరసగా సంతలోకి నడిచారు.

టీకొట్టు లక్ష్ముడు చూసి గావుకేక పెట్టాడు. "ఓర్నాయనో! సేపలోళ్లందరికీ కళ్లకలకరా!"

అయిదు నిమిషాల్లో ఆ మాట సంతంతా పాకింది. చేపల వైపు ఎవరూ రాలేదు. బుట్టల్లో ఐసు కరగడం మొదలైంది. మరిడమ్మ ఫోను చేసింది. "అల్లుడూ, ఒక్కడూ దరికి రాటంలేదు. సరుకు పాడైపోతాది. ఏటి సేస్తావో సెయ్యి!"

అత్తగారింట్లో టిఫిను తింటున్న గోవింద్ పరుగున వచ్చి, కూరగాయల ఆటో మైకు అందుకున్నాడు. "భయపడకండి! ఇది అంటురోగం కాదు. ఎండకి ప్రొటీన్లు పాడైపోతాయి, అంతే!"

వెనక నిలబడ్డవాళ్లకి 'ప్రొటీన్లు పాడైపోతాయి' అన్న ముక్కే వినిపించింది. కనిపిస్తున్నవి చేపలు.

"సేపలు పాడైపోయాయటరా! లెక్చరుగారే సెప్తన్నారు!"

పొద్దున్న సంతకి వచ్చే దారిలోనే కొన్న నలుగురూ చేపలు తిరిగిచ్చేశారు.

పక్కనే బడిలో కంటి శిబిరం పెట్టిన డాక్టరు సుహాసిని గొడవ విని వచ్చింది. అందరి ముందూ పన్నెండు మంది కళ్లూ లైటు వేసి చూసింది. ఎవరికీ కలక లేదు, శుక్లమూ లేదు.

"తలమీది బుట్టే వీళ్లకి గొడుగైనట్టుంది," అందామె నవ్వుతూ.

"శుక్లం అంటే ఏమిటో జనానికి చెప్పండి మేడం. బాగున్న కన్ను ఎలా ఉంటుందో నాది చూపించండి," అన్నాడు గోవింద్ ఉత్సాహంగా.

ఆమె చూసింది. నవ్వు ఆపేసింది.

"ఎండలో బండి మీద తిరుగుతారా?"

"ఇరవై ఏళ్లుగా మేడం."

"నల్లద్దాలు?"

"అందరికీ పంచేశాను."

"ఎడమ కంట్లో శుక్లం మొదలైంది."

గోవింద్ కుడికన్ను మూసి, ఎడమ కంటితో సంత వైపు చూశాడు. "అచ్చు మసగ్గా ఉందని పుస్తకాలవాళ్లకి మూడు ఉత్తరాలు రాశాను మేడం," అన్నాడు. "వాళ్లు పాపం, క్షమాపణ కూడా చెప్పారు."

సంతంతా పకపకా నవ్వింది. "మా అల్లుడు పాఠం సెప్పడం కాదర్రా, సూపించీసినాడు!" అంది మరిడమ్మ. పాడైన ప్రొటీను చేపల్లోది కాదు, కంట్లోదని తెలిసి, నవ్వుతో భయం పోయింది. జనం బుట్టల చుట్టూ చేరారు.

అమ్ముడుపోని రెండు బుట్టలు మాత్రం మరిడమ్మ అల్లుడి బండికి కట్టింది. ఆ వారమంతా గోవింద్ ఇంట్లో ప్రొటీనుకు లోటు రాలేదు.