మేనత్త పోలిక

తెనాలిలో హిమబిందు ముక్కు ఆపరేషన్ చేయించుకున్న రోజునే, ఎక్కడైనా జరిగేదే, వాళ్ల హాలు గోడ మీద దండలేసిన ఫొటోల్లోని పెద్దల ముక్కులకూ కట్లు పడ్డాయి.

ఏమేం జరుగుతుందో డాక్టరుగారు ముందే చెప్పారు. కళ్ల కింద కమిలి నల్లబడుతుంది. ముక్కు దిబ్బడేసి కొన్నాళ్లు నోటితో ఊపిరి పీల్చాలి. చీదకూడదు, కళ్లజోడు పెట్టకూడదు. వాపు పూర్తిగా దిగడానికి ఏడాది పట్టినా పట్టవచ్చు. అన్నీ అలాగే జరిగాయి. ఫొటోలో ముత్తాత కళ్లజోడు తీసి చేత్తో పట్టుకున్నాడు. నాయనమ్మ నోరు కాస్త తెరిచింది. ఎవరూ చీదలేదు. పెద్దవాళ్లు ఇంత చక్కగా సహకరించిన కుటుంబాన్ని చూడలేదని డాక్టరుగారు మెచ్చుకుంటే హిమబిందు తండ్రి పొంగిపోయాడు.

పోయినవాళ్లను అడగనక్కర్లేదు. బతికున్నవాళ్లు మాత్రం ఎవరి ముక్కు వాళ్లే వచ్చి చేయించుకోవాలి. ఇంటిల్లిపాదీ చేయించుకున్నారు, మేనత్త రాజరత్నం తప్ప. హిమబిందు పుట్టినప్పుడు "అచ్చం మేనత్త పోలిక" అని అందరూ మురిసిపోయిన ముక్కు ఆమెదే. మధ్యలో ఎత్తుగా, కొన కాస్త వంగి ఉండేది.

"మనింట్లో ముందు ముక్కు గడప దాటుద్ది, ఆ తర్వాతే మనిషి. నేను కోయించుకోను," అని ఫోన్లో ధీమాగా చెప్పేసింది.

కట్లు విప్పాక గోడ నిండా ఒకటే ముక్కు, తిన్నగా, ముద్దుగా. చూడొచ్చిన చుట్టాలు, "ఎంతైనా తరాల నాటి ముక్కండీ," అన్నారు.

ఆ తర్వాత ఓ మధ్యాహ్నం రాజరత్నం అన్నగారింటికి వచ్చింది. హిమబిందు తలుపు తీసింది.

"ఎవరు కావాలండీ?"

"నేనేనే బిందూ, మీ అత్తని."

హిమబిందు వెనక్కి తిరిగి గోడ మీది ఫొటోలన్నీ ఓపిగ్గా చూసింది. "మావాళ్లలో ఈ ముక్కు లేదండీ. ఎండన పడొచ్చారు, కూర్చోండి, మంచినీళ్లిస్తాను."

అన్నగారూ వచ్చి, ఎవరి తాలూకని మర్యాదగానే అడిగాడు. రాజరత్నానికి ఏడుపొచ్చింది. తను పుట్టిన ఇంట్లో కుర్చీ అంచున కూర్చుని నీళ్లు తాగింది. గ్లాసు కింద పెట్టి, డాక్టరుగారు ఎన్నింటిదాకా ఉంటారని అడిగింది.

మర్నాడు ఆమె ముక్కుకు కట్టుతో రాగానే ఇల్లంతా ఎదురొచ్చింది. "ఎన్నాళ్లకొచ్చావత్తా," అంటూ హిమబిందు చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది.

కట్టు విప్పిన రోజు ఎదురింటావిడ పలకరించింది. "ముక్కు భలే ఉందండీ. ఎవరి పోలిక?"

రాజరత్నం తలెత్తి, గర్వంగా చెప్పింది.

"మా మేనకోడలి పోలిక."