తీర్థజలం, తొంభై తొమ్మిది డిగ్రీలు

ఆ శనివారం పొద్దున గుణదలలో బాలశౌరి కుటుంబం వేసుకున్న పథకానికి వంక పెట్టడానికేమీ లేదు. ఎనిమిదింటికి ఫాదర్ గారు వచ్చి కొత్త కంప్యూటరును దీవిస్తారు. పదకొండింటికి కూతురు దీవెన దాని ముందు కూర్చుని, మంగళగిరిలోని ఒక కోచింగ్ సెంటరు వాళ్ళకి ఆన్‌లైన్‌లో లెక్కల డెమో క్లాసు చెబుతుంది. వాళ్ళకి నచ్చితే ఉద్యోగం. ఆ పిల్ల రెండేళ్ళుగా తిరుగుతోంది ఉద్యోగం కోసం. బోర్డు మీద రాసే ఆ సాఫ్ట్‌వేరు ఫోనులో పనిచేయదు కాబట్టి కంప్యూటరు తప్పదు.

దాన్ని బిగించింది బాలశౌరి మేనల్లుడు యేసుకుమార్. గవర్నర్‌పేటలో భాగాలన్నీ కొని, ఒక వీడియో సగం దాకా చూసి, మిగతా సగం తనకు తెలిసిందేనని కట్టేశాడు. ఫాదర్ గారు కూడా ఏ లోటూ చేయలేదు. పక్క మూత తీయించి, లోపలికంటా తీర్థజలం ధారాళంగా చిలకరించి వెళ్ళారు. తర్వాత ఆన్ చేస్తే ఐదు నిమిషాలకు ఆగిపోయింది. మళ్ళీ పెట్టారు, మళ్ళీ ఆగింది.

"ప్రాసెసర్ వేడెక్కిపోతోంది మావయ్యా! తొంభై తొమ్మిది డిగ్రీలు!" అన్నాడు యేసుకుమార్.

"తొంభై తొమ్మిది జ్వరం కిందికే రాదురా," అంది బాలశౌరి తల్లి శౌరమ్మ. "తడిగుడ్డ వెయ్యండి, తగ్గుద్ది."

"ఇప్పటికే తడి ఎక్కువైంది అమ్మమ్మా."

అందరికీ ఉన్న అనుమానమే అది. పైకి అన్నది మాత్రం అతనొక్కడే.

"తీర్థజలం వల్ల చెడిపోయిందంటావా?" శౌరమ్మ లేచి నిలబడింది.

"అనట్లేదు. ఆ చిన్న ఫ్యాను విప్పి చూస్తే తెలుస్తుంది."

"ఫాదర్ గారు దీవించినదాన్ని విప్పుతావా? ఆయన్నడక్కుండా ఒక్క స్క్రూ కదిలిందంటే ఊరుకోను!"

బాలశౌరి ఫోన్ చేసింది ఆ అనుమతి కోసమే. కానీ "ఎలా ఉందండీ కంప్యూటరు?" అని ఫాదర్ గారు ఆప్యాయంగా అడిగేసరికి, పన్నెండేళ్ళుగా చర్చి కమిటీలో ఉన్న మనిషికి నిజం నోట్లోంచి రాలేదు.

"సూపరండీ ఫాదర్! రాకెట్టే!"

"అవునా! అయితే మన స్కూలుకి కూడా అట్లాంటిదే చేయిద్దాం. పదింబావుకి వచ్చి చూస్తాను."

"నాన్నా! నా డెమో ఏం కాను?" దీవెన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పదింబావుకల్లా కంప్యూటరుకు అటూ ఇటూ రెండు టేబుల్ ఫ్యాన్లు, వెనక పక్కింటి సీతారావమ్మ గారి ఎయిర్ కూలరు వెలిశాయి. ఫాదర్ గారు వచ్చి, ముచ్చటపడి, కుర్చీలో కూర్చున్నారు. ఆయన తన పేరు టైపు చేయడం ముగించేలోపే తెర నల్లబడింది.

ఆయన మెల్లగా కుర్చీలోంచి లేచారు.

"బాలశౌరి గారూ, ఒక మాట ఒప్పుకోవాలి," అన్నారు. "పోయిన నెల కొండపల్లిలో ఆమోసు గారి కొత్త మిక్సీని దీవించాను. మర్నాడే పనిచేయడం మానేసింది. ఆయనేమీ అనలేదు. కానీ అప్పట్నుంచీ పచ్చడి పంపినప్పుడల్లా రోట్లో నూరిందని మరీ మరీ చెబుతున్నారు. ఇవాళ ఇది. నా చెయ్యే మంచిది కాదేమో."

చిన్నప్పట్నుంచీ ఫాదర్ల దగ్గర పాపాలు ఒప్పుకోవడమే గానీ, వినడం బాలశౌరికి ఇదే మొదలు. ఏ ప్రాయశ్చిత్తం వెయ్యాలో తోచక, "నేనూ అబద్ధమాడానండీ," అన్నాడు.

"ఫాదర్, విప్పమని చెప్పండి చాలు!" అంది దీవెన. "ఇంకా అరగంటే ఉంది."

"విప్పు నాయనా."

యేసుకుమార్ ఫ్యానును దాని కింద వేడిని పీల్చే లోహపు దిమ్మతో సహా పైకి తీశాడు. నీటి చుక్క లేదు. దిమ్మ అడుగున మాత్రం పల్చటి ప్లాస్టిక్ పొర అంటుకుని ఉంది. వాడే ముందు దీన్ని తీసేయమని దాని మీద ఎర్రటి ఇంగ్లీషు అక్షరాలున్నాయి.

"బావా, నువ్వు చూడని సగంలో ఇదే ఉండుంటుంది," అంది దీవెన.

"నీళ్ళు కాదు! నీళ్ళు కాదండీ!" ఫాదర్ గారు బాలశౌరి రెండు చేతులూ పట్టుకుని ఊపేశారు.

పొర పీకి, దిమ్మ అడుగున కొత్తగా పేస్టు రాసి, మళ్ళీ బిగించేసరికి పదకొండుకు రెండు నిమిషాలుంది. వేడి నలభై ఎనిమిది దగ్గర నిలిచింది. అది మరీ తక్కువని శౌరమ్మ కంగారుపడింది. దీవెన నలభై నిమిషాలు ఎక్కడా తడబడకుండా చెప్పింది, కంప్యూటరూ తడబడలేదు. సోమవారం వచ్చి చేరమన్నారు.

ఫాదర్ గారు స్కూటరెక్కకముందే కొండపల్లి ఆమోసు గారికి ఫోన్ చేసి, మిక్సీ పారేయకుండా ఉంటే దాని అడుగున కూడా ఏదైనా ప్లాస్టిక్ ఉందేమో చూడమన్నారు.