ట్యాంకు వెనకాల చేదాకు

నవ్వకుండా వింటానంటే చెబుతాను. మధ్యలో ఎవరు కిసుక్కుమన్నా ఇక్కడితో ఆపేసి నా గడియారాలు నేను చూసుకుంటాను.

మా ఆవిడ ఉద్యోగం మీకు తెలిసిందే. మందులు కనిపెట్టే చోట ఇరవై రెండేళ్లుగా ఆకులు నూరుతోంది. నూరి, నానబెట్టి, వడగట్టి, ఏ పదార్థం రోగాన్ని పట్టుకుంటుందో విడదీసి చూస్తుంది. ఒక్కో ఆకుతో రెండేళ్లు కాపురం చేసి, చివరికి ఇంటికొచ్చి "ఇందులో ఏమీ లేదండీ" అని నిట్టూరుస్తుంది. నాతో ఇరవై ఆరేళ్లు చేసినా ఆ మాట ఇంకా అనలేదు. అది నా అదృష్టం.

నాకు షుగరని తేలినప్పటి నుంచి పొద్దున్నే మాత్ర అరచేతిలో పెట్టి, మింగేదాకా ఎదురుగా నిలబడుతుంది. గుటక పడిన చప్పుడు వింటే గానీ కదలదు.

అలాంటి రోజుల్లో దిగాడు వాళ్ల అన్నయ్య. ఏ జబ్బు పేరెత్తినా ఒక ఆకు పేరు చెబుతాడు కాబట్టి ఇంటిల్లిపాదీ ఆయన్ని సర్వరోగం అంటాం. సంచిలోంచి ఒక మొక్క తీశాడు.

"బావా, రోజుకి రెండాకులు నమలండి. నెల తిరిగేసరికి షుగరు ఆనవాలు లేకుండా పోతుంది. చేదు తగ్గుతూ వస్తే జబ్బు తగ్గుతున్నట్టు గుర్తు."

"మీ చెల్లెలు ఒప్పుకోదు బావగారూ."

"దానికెందుకు చెప్పడం? తగ్గాక చెబుదురు గాని."

అయినా ఆ పూట భోజనాల దగ్గర కాస్త కదిపి చూశాను.

"ఏమే, చేతిలో ఆకంతా ఉండగా అందులోంచి ఒక్క ముక్క విడదీయడం దేనికి? గడియారంలోంచి ఒక చక్రం పీకి పక్కన పెడితే అది టైము చెబుతుందా?"

"ఏ చక్రం ఏం చేస్తుందో తెలియకుండానే మీరు గడియారాలు బాగుచేస్తున్నారా?" అంది, నా పళ్లెం తీస్తూ.

జవాబు దొరకలేదు. జవాబు దొరకని మొగుడు రుజువు చేసి చూపిద్దామనుకుంటాడు. మొక్కని డాబా మీద నీళ్ల ట్యాంకు వెనకాల దాచాను.

గడియారాలవాణ్ణి కదా, నిమిషాలతో సహా పుస్తకంలో రాశాను. ఆరూ పది, రెండాకులు, చేదు భరించరానిది. రెండో వారం ఐదాకులు. రెండాకులకి నడిచే రోగం ఐదాకులకి పరిగెడుతుందని నా లెక్క. మూడో వారానికి గుప్పెడు.

ఆ వారంలోనే ఒక రోజు, పదకొండింటప్పుడు, చేతిలో పట్టకారు వణికింది. ఆవగింజంత మరమేకు జారి ఎక్కడ పడిందో దొరకలేదు. ఒళ్లంతా చెమట, చొక్కా విప్పి తుడుచుకున్నాను. మర్నాడూ అదే వేళకి అదే వణుకు.

మా నాన్నదీ ఇదే పని. సరిగ్గా నా వయసులోనే ఆయన చేతులు వణకడం మొదలైంది. ఆ తర్వాత ఇరవై ఏళ్లు ఇదే కుర్చీలో కూర్చుని గోడ గడియారాలకి కీ ఇచ్చాడు, అంతే. ఇంకో గడియారం విప్పలేదు. నాకు భయం వేసింది. నిజంగానే చెబుతున్నాను, చాలా భయం వేసింది. చేతులు పోతే నేనేమిటి?

ఇంట్లో చెప్పావా అంటారు. చెప్పలేదు. పైకి అంటే నిజమైపోతుందేమోనని. పాపం నాన్నకి ఈ ఆకు దొరకలేదు అనుకుని, మర్నాడు ఇంకో నాలుగు ఎక్కువ నమిలాను.

ఆ రోజు పదకొండింటికి మా ఆవిడ నా గడియారాల కొట్టుకి వచ్చింది, ఫ్లాస్కులో టీతో. తాగితే తియ్యగా ఉంది.

"ఇందులో చక్కెర పడిందేమిటే?"

"పొరపాటున పడింది. తాగేయండి."

పొరపాట్లు చేసే మనిషి కాదు. అయినా అడిగితే లాక్కుంటుందని గబగబా తాగేశాను. పది నిమిషాల్లో చెయ్యి కుదుటపడింది.

మర్నాటి నుంచి వణుకు లేదు. అంతకన్నా వింత, ఆకులో చేదు లేదు. ఆకులు కూడా నున్నగా, గుండ్రంగా కనిపించాయి. నాతో పాటు మొక్కకీ ఒళ్లు చేసిందనుకున్నాను. రోజంతా కంటికి భూతద్దం పెట్టుకుని వెంట్రుకంత తీగలు చూసేవాణ్ణి, నా బుద్ధికి అంతే తోచింది.

ఆరు రోజులు చూసి, సెలవు రోజున సర్వరోగాన్ని పిలిపించి, మా ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి పుస్తకం చేతిలో పెట్టాను. ఒక్క పేజీ వదలకుండా చదివింది.

"ఈ ఆరు రోజులూ ఏ ఆకు తిన్నారు?"

"అదే ఆకు."

"అది బచ్చలండీ. కూరల బచ్చలి."

సర్వరోగానికి ఉన్నట్టుండి ఇంటి దగ్గర పని గుర్తొచ్చింది. చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

"ట్యాంకు వెనక ఉందని నీకెలా తెలుసు?"

"ట్యాంకు నిండిందో లేదో రోజూ చూసేది ఎవరు?"

నిజమే. దాచడానికి దొంగ భలే చోటు చూసుకున్నాడు.

"అయితే ఆ చేదాకు పనిచెయ్యదంటావు?"

"పనిచెయ్యకపోతే మార్చేదాన్ని కాదు. పనిచేసింది. మాత్రా కిందికే లాగింది, ఆకూ కిందికే లాగింది. షుగరు మరీ పడిపోయి మీ చెయ్యి వణికింది. డాక్టరు గారిని అడిగే మార్చాను."

గొంతులో వెటకారం లేదు. ఎంతో ఇష్టమైన మనిషి గురించి చెప్పినట్టు చెప్పింది.

"నాలుగాకులు పట్టుకెళ్లి చూశాను. మంచి సరుకే ఉంది. కానీ ఎండ తగిలిన ఆకుకీ, నీడన ఉన్న ఆకుకీ మూడింతలు తేడా. మీరు లెక్కపెట్టి తిన్నారు, దానికేమో లెక్క తెలియదు. ఆ లెక్క తేల్చడానికే నాకు ఒక్కో ఆకుకి ఏళ్లు పడుతోంది."

"చెయ్యి వణికిన సంగతి ఎవరు చెప్పారు?"

"రెండు రోజులు వరసగా చొక్కా గుండీలు తప్పు పెట్టుకుని ఇంటికొచ్చారు."

"మరి అప్పుడే అడగొచ్చు కదే?"

"మీరే చెబుతారేమోనని చూశాను," అంది. "ఆరు రోజులు చూశాను."

ఆవిడ చేతిలోంచి పుస్తకం తీసుకుని మూసేశాను. ఈసారి రుజువు చేద్దామని కూడా అనిపించలేదు.

ఆవిడ తన చేతి గడియారం విప్పి నా ముందు పెట్టింది. "వెనకబడుతోంది. చూడండి."

అక్కడే విప్పాను. దీపం దగ్గరగా పట్టుకుని నిలబడింది. చక్రాలు చూశాను, తీగ చూశాను, అన్నిటికన్నా చిన్న మర తీసి మళ్లీ బిగించాను. పట్టకారు కొంచెం కూడా వణకలేదు.

"ఇందులో ఏమీ లేదే," అన్నాను.

"తెలుసు," అని గడియారం తీసుకుని చేతికి పెట్టుకుంది. "నేను చూసింది మీ చెయ్యి."