జబ్బుతో సహా హాజరు కావలెను

మందుల ఖర్చుకు సహాయం కావాలంటే జబ్బును ఆఫీసుకు తీసుకొచ్చి చూపించాలన్నది నిబంధన కాబట్టి, సోమవారం పొద్దున దయామణి తన భర్త ఏసోబు ఊపిరితిత్తుల జబ్బును తన ఒంట్లోకి మార్పించుకుని బయలుదేరింది. ఏసోబు మంచం దిగి నాలుగడుగులు వేయలేడు. అలాంటి వారి జబ్బును ఇంట్లో మరొకరు మోసుకురావచ్చని ఆ నిబంధన కిందే చిన్న అక్షరాల్లో ఉంది. వార్డు ఉద్యోగి ఇంటికొచ్చి ఇద్దరి వేలిముద్రలూ తీసుకున్నాడు. రెండు నిమిషాల పని. సాయంత్రం ఐదులోగా ఆఫీసులో వాపసు ముద్ర వేయించకపోతే జబ్బు ఎవరిలో ఉంటే వారికే ఖాయమవుతుందని చెప్పి రసీదు ఇచ్చాడు.

ఏసోబు పీల్చే మందు ఇంకా రెండు రోజులకే ఉంది.

బస్సు మెట్టు ఎక్కేసరికి దయామణి ఛాతీలో ఎవరో తడిగోనె కుక్కినట్టయింది. రెండేళ్ళుగా ఆ మనిషి "ఏం లేదులే" అంటూ వచ్చింది దీన్నేనా అనుకుంది. ఊపిరితిత్తుల విభాగం మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు ఆరోగ్యవంతులకు మాత్రమే అని బోర్డు పెట్టారు. మెట్టు మెట్టుకూ కూర్చుంటూ ఎక్కింది. వరుసలో ఆమె ముందున్న లారీ డ్రైవరు తన తల్లి మోకాళ్ళ నొప్పులు మోసుకొచ్చి, గోడ పట్టుకుని నిలబడ్డాడు.

కిటికీ దగ్గరికి చేరేసరికి నాలుగూ నలభై. గుమాస్తా ఆమె చేత ఓ గొట్టంలో ఊదించి, అంకె చూసి తలూపాడు.

"జబ్బు అసలైనదే. కానీ దరఖాస్తు ఏసోబు పేరు మీదుందమ్మా. ఏసోబుకు జబ్బు లేదు."

"ఇది ఆయన జబ్బే సార్. మీరు తెమ్మంటేనే తెచ్చా."

"తెచ్చావు కాబట్టే ఆయనకు లేదు. ఆరోగ్యంగా ఉన్న మనిషికి మందులెట్టా ఇస్తాం?"

అతను వెటకారమాడలేదు. నిజంగానే ఆమెకు మేలు చెయ్యాలని చూస్తున్నాడు. "వాపసు ముద్ర వేస్తా, ఇంటికెళ్ళు. లేదంటే దరఖాస్తు నీ పేరున మార్చు, ఇప్పుడే మంజూరు చేస్తా. జబ్బు మాత్రం ఇక నీదే. ఇంకో పావుగంటే ఉంది."

అప్పుడే ఫోను మోగింది.

"దయా, టీకొట్టు దాకా నడిచానే! ఎక్కడా ఆగలా!" ఏసోబు ఒక్క గుక్కలో అన్నాడు. ఆ మాట ముగిశాక గానీ అతనికి ఇవతలి చప్పుడు వినిపించలేదు. "ఏందే ఆ ఎగశ్వాస? అది నాది. నాది నాకు తెచ్చియ్యి. వాపసు ముద్ర వేయించకుండా వచ్చావో..."

"మందు... రెండు రోజులకే ఉంది." ఆ చిన్న మాటకు ఆమెకు మూడు ఊపిర్లు పట్టాయి. "ఎల్లుండి... నిన్ను..."

"దయా, వద్దంటున్నానా!"

ఆమె ఫోను పెట్టేసింది. గోడ గడియారంలో ఐదుకు ఎనిమిది నిమిషాలుంది. దరఖాస్తు తన పేరున మార్చి సంతకం పెట్టింది. గుమాస్తా ముద్ర కొట్టి, నెలకు సరిపడా మందు పొట్లం కట్టి ఇచ్చాడు. ప్రతి నెలా ఇస్తామన్నాడు.

"అదృష్టవంతురాలివమ్మా," అన్నాడు. "చాలామందికి ఇంతలో తేలదు."

రెండు రోజులు ఏసోబు ఆమెతో మాట్లాడలేదు. మందు గొట్టం మాత్రం వేళకు తెచ్చి నోటి దగ్గర పెట్టేవాడు. పొగ పడక దయామణి హాస్టల్లో వంటపని మానేసింది. ఇల్లు గడవాలి గనుక గురువారం ఏసోబు పత్తి మిల్లుకు వెళ్ళాడు. అతనికి ఆ జబ్బు పట్టింది అక్కడే. ఊళ్ళో నెల జీతమిచ్చేదీ అదొక్కటే.

మేస్త్రీ అతని వీపు మీద చెవి ఆనించి విన్నాడు. "శుభ్రంగా ఉన్నయ్‌రా, ఇంకో పదేళ్ళొస్తయ్," అని సంతోషించి, ఓ కాగితం ఇచ్చాడు. అందులో పేరు, ఊరు, ఆ తర్వాత 'జబ్బు చేస్తే మోసేవారి పేరు' అని ఒక గడి ఉంది.

"నీ పెళ్ళాం పేరు రాయి."

"ఆమెకు ఇప్పటికే ఒకటుందయ్యా."

"రెండోది పట్టదని ఎవురు చెప్పారు?"

ఏసోబు కలం అందుకున్నాడు. ఆ గడిలో తన పేరే రాశాడు. మేస్త్రీ చదివి, అందులో తప్పేమీ కనబడక, కాగితాన్ని మిగతావాళ్ళ కాగితాల మీద పెట్టాడు. కింద కనబడుతున్న కాగితాల్లోనూ ఎవరి గడిలో వాళ్ళ పేరే ఉంది.