ఎలుక ఉద్యోగం

చొక్కాలకు మరక అంటనివ్వని నానో పొడి తయారుచేసే కర్మాగారంలో ఎలుకలకు ఎలాంటి అన్యాయమూ జరగడం లేదని నైతిక విలువల సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. విని అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

ఆ పొడి రేణువు వెంట్రుక మందంలో వెయ్యో వంతు. కంటికి కనబడదు. కనబడని దానికి భయపడటం చదువుకున్నవాళ్ల లక్షణం కాదు. అయినా సంఘం జాగ్రత్త పడింది. పరీక్ష కోసం పొడి పీల్చే ఎలుకలకు రోజూ బరువు చూడాలి, మధ్యమధ్య విశ్రాంతి ఇవ్వాలి, ఒక్క తుమ్ము వినబడినా డాక్టరు పరుగున రావాలి.

గోడకు ఇవతల, అదే పొడిని డబ్బాల్లో నింపే గదిలో, ముక్కుకు పాత రుమాలు కట్టుకుని పనిచేసే ఆమెను అందరూ దగ్గక్క అనేవారు. చేరినప్పుడు ఆమెకు ఆ పేరు లేదు. ఇప్పుడు ఇంట్లో కథ మొదలుపెడితే సగంలోనే దగ్గు తెర ముంచుకొస్తోంది. "నీ కథలో రాజుగారు ఎప్పుడూ అడవిలోనే ఉండిపోతారమ్మా" అని కూతురు అలిగి నాన్న పక్కకు చేరింది.

"బాబూ, డాక్టరుగారు ఎలాగూ వస్తారు కదా, నన్నూ ఓసారి చూడమని చెప్పవా?" అని దగ్గక్క సూపర్‌వైజరును బతిమాలింది.

"ఆయన ఎలుకలకక్కా. నువ్వేమైనా ఎలుకవా?"

ఆమె దాన్ని వెటకారం అనుకోలేదు, నిబంధన అనుకుంది. సంఘం సమావేశమైన రోజున తిన్నగా లోపలికి వెళ్లి, ఎలుకల్లో ఖాళీ ఉంటే తనను వేసుకోమని అడిగింది.

అధ్యక్షురాలు గంభీరంగా లేచారు. "శ్రమజీవికి ఎలుకతో సమాన హోదా దక్కాలన్నది ఈ సంఘం చిరకాల స్వప్నం!" సభ్యులు బల్లలు చరిచారు. ఒకాయన కళ్లొత్తుకున్నారు. డాక్టరు మాత్రం అడ్డం తగిలాడు.

"చేరేనాటికి ఎలుక ఆరోగ్యంగా ఉండాలమ్మా. నీకు ముందే దగ్గుంది."

"ఇక్కడ చేరాకే కదయ్యా పట్టుకుంది! ఈ పొడి వల్లో కాదో మీరే తేల్చండి."

"ఎలా తేలుస్తాం? మనుషుల చేత నెలల తరబడి ఈ పొడి పీల్పించి చూడాలి. ఛ ఛ! అంత అనైతికమైన పనికి మేం చచ్చినా ఒప్పుకోం."

గదంతా చప్పట్లు. మానవ గౌరవాన్ని కాపాడినందుకు సంఘం తనను తాను అభినందించుకుంది. దగ్గక్క రుమాలు బిగించుకుని మళ్లీ డబ్బా అందుకుంది.

ఎలుకల మీద పరీక్ష ఇంకా సాగుతూనే ఉంది. చొక్కాలకు అంత ఓపిక లేక బజారులోకి వచ్చేశాయి. మీరేం కంగారుపడకండి. మీ మీద ఎవరూ ప్రయోగం చేయడం లేదు, మీకు అమ్ముతున్నారంతే.