ముత్తవ్వ కట్టిన కుందేలు కట్టలు

“ఇయ్యాల పోలీసులొస్తరు బిడ్డా. చూస్కో, ఇయ్యాలనే వస్తరు.”

ముత్తవ్వ ఈ మాట అనేసరికి ఇంకా ఏడు కాలేదు. పాలు కూడా పొంగలేదు. ఆర్మూర్‌లో ఆ గల్లీకి పోలీసులు చివరిసారి వచ్చింది ఎవరిదో దుబాయి పాస్‌పోర్టు విచారణకు. అప్పుడూ ముత్తవ్వ రెండు రోజులు అన్నం తినలేదు.

కూతురు యమున తలెత్తలేదు. పీట మీద కుందేలు తోలును బొచ్చు కిందికి వచ్చేలా బోర్లించి, వెనకవైపు బ్లేడుతో గీస్తోంది. గీత పడ్డాక తోలును పైకెత్తి మెల్లగా విడదీస్తే, ఒక్క వెంట్రుక తెగకుండా అగ్గిపుల్లంత వెడల్పు పట్టీ వస్తుంది. ఆ పట్టీని గాలానికి దారంతో చుట్టి కడితే నీళ్లలో పురుగులా కదులుతుందట, చేప మోసపోతుందట. విదేశాల్లో అదొక సరదా. హైదరాబాద్‌లో ఒక మేడం అలాంటి గాలాలు చేయించి పంపుతుంది. నమూనాకు వంద పట్టీలు అడిగింది. నచ్చితే నెలనెలా పని. నచ్చకపోతే యమున డిగ్రీ కాగితం బీరువాలో పెట్టి, తల్లి పక్కన బీడీల చాట ముందేసుకోవాలి.

“సిరికొండ దిక్కు కుందేలును గొట్టినోళ్లను జీపుల ఏస్కపోయిండ్రట.”

“గవి అడవి కుందేళ్లమ్మా. ఇవి ఫారంల పెంచినయి. రసీదు ఉన్నది.”

“రసీదు నీ తాన ఉంటది. లాఠీ వాళ్ల తాన ఉంటది.”

పదింటికి తొంభై ఆరు పట్టీలయ్యాయి. ఆ సంతోషంతో యమున అంకాపూర్ నాటుకోడి తెప్పించి కుక్కర్‌లో వేసింది. డబ్బా, టేపు కొనుక్కొస్తానని లేస్తూ, “కొరియర్ అతనొస్తడు, కూసోబెట్టు. తోళ్లు మాత్రం ముట్టకు” అని చెప్పి పోయింది.

పావుగంట కాలేదు. కిటికీ సందులోంచి ఖాకీ చొక్కా కనిపించింది. పోలీసే అనుకుంది ముత్తవ్వ. పట్టీలన్నీ గుప్పిళ్లతో ఎత్తి, బీడీలు చుట్టే తునికాకు మెత్తబడడానికి చుట్టిపెట్టిన తడి గోనెలో కుక్కి, దాని మీదే కూర్చుంది.

“యమున ఇల్లు ఇదేనా అవ్వా?”

“యమునా? గా పేరు మా ఖాన్దాన్లనే లేదు.”

“గీ ఇంటి నంబరే ఇచ్చిండ్రు. కుందేలు తోళ్ల...”

“తోళ్లా! రామ రామ. మేం దీక్షల ఉన్నం. నీసు వాసన గూడ పడది.”

లోపల కుక్కర్ మూడో కూత వేసింది. అతను గాలి గట్టిగా పీల్చాడు.

“మీ ఆలుగడ్డ కూర మస్తు వాసనొస్తుందవ్వా. సరే, ఎవ్వరు లేరని రాస్కుంట.”

రాసుకుంటాడట! అంటే కేసే. ముత్తవ్వ లేచి గోనె విప్పింది. పట్టీలు నానిపోయి, మెలికలు తిరిగి, ఆకులకు అతుక్కుపోయాయి. పిల్ల నోటికాడి పని పోయింది. ఆమె ఏడవబోతుండగా, ఆకు కత్తిరించడానికి పక్కింటి శాంతవ్వ వచ్చి సంగతంతా విన్నది.

“గింతకేనా అక్కా? అటక మీద ఇంకా తోళ్లున్నయి గద. దినాం వెయ్యి ఆకు కత్తిరించే చేతులు మనయి. యమున వచ్చేవరకు కోసి పెడదాం.”

బీడీ ఆకును కొలతకు కత్తిరించే ఇనుప రేకు తీశారు. ఆకు మీద పెట్టినట్టే బొచ్చు మీద రేకు పెట్టి, కత్తెరతో చకచకా లాగించారు. యమున అంత సన్నగా కోయడం చేయి తిరగకేనని, ఇంత వెడల్పు ముక్క ఇస్తే మేడం ఇంకా మెచ్చుకుంటుందని ఇద్దరూ తేల్చుకున్నారు. తెగిన బొచ్చు గదంతా లేచింది. శాంతవ్వ తుమ్మిన తుమ్ముకు సగం పోయి తంబాకు చాటలో పడింది.

“గీ బీడీ తాగినోనికి చలి పెట్టదక్కా.”

ఆ ఇంట్లోంచి ముప్పై ఏళ్లుగా ఒక్క బీడీ కూడా కట్టలో చేరకుండా విడిగా బయటికి పోలేదు. అందుకని ముత్తవ్వ ముక్కలను కూడా ఇరవై ఐదుకు ఒకటిగా ఎర్ర దారంతో బిగించి కట్టలు కట్టింది.

పసుపు బస్తాల లారీలు మార్కెట్ యార్డు దారిని మూసేయడంతో యమున రెండింటికి గానీ రాలేదు. దారిలోనే ఆమెకు ఫోన్ వచ్చింది. చేసింది సాయిలు. కొరియర్ ఆఫీసు తరఫున డబ్బాలు తీసుకుపోయే ఆటో డ్రైవరు; పొద్దున కిటికీలో కనిపించిన ఖాకీ చొక్కా అతనిదే.

“మీ ఇంట్ల మీరు లేరట మేడం. అసలు పుట్టనే లేదట.”

యమున గడపలో నిలబడి కట్టలు చూసింది. నేల చూసింది. కనుబొమల మీద బొచ్చుతో ఉన్న తల్లిని చూసింది.

“తిట్టు బిడ్డా. గమ్మునుంటే నాకు ఇంకింత భయమైతది.”

యమున తిట్టలేదు. కట్టలకు ఫొటో తీసి, పార్సిల్ రాదని, కారణం ఇదేనని మేడంకు పంపింది. గోడవైపు తిరిగి కూర్చుంది. కోడికూర ఎవరూ ముట్టలేదు. శాంతవ్వకు తినాలని ఉన్నా అడగలేదు.

గంట తర్వాత ఫోన్ మోగింది. యమున స్పీకర్ నొక్కింది.

“ఆ ముక్కలు చెత్తబుట్టలో పారెయ్యి యమునా. కోసినవాళ్లకు ఇంకెప్పుడూ కత్తెర ఇవ్వకు.”

“సారీ మేడం.”

“నువ్వు వారంలో మళ్లీ కోసి పంపు. అది సరే గానీ, ఆ కట్టలు కట్టిందెవరు? ఫొటో పెద్దది చేసి చూశాను. ప్రతి చుట్టూ ఒకే బిగువు, ముడి ఎక్కడుందో కనబడటం లేదు. గాలాలకు దారం చుట్టడానికి అలాంటి చేతుల కోసం ఏడాదిగా వెతుకుతున్నా. నీకూ, ఆమెకూ ఇద్దరికీ పనిస్తా. ఆమె పేరేంటి?”

యమున ఫోన్ తల్లి ముందు పెట్టింది. ముత్తవ్వ గోడకు అతుక్కుపోయింది. పేరు అడిగేవాళ్లు ఊరికే అడగరు, రాసుకుంటారు. కిటికీ వైపు చూసింది. ఖాకీ లేదు. శాంతవ్వ మోచేత్తో పొడిచింది. ఒక బొచ్చు పోగు గాల్లో తేలుతూ వచ్చి ఫోన్ మీద వాలింది.

“ఎవరమ్మా అక్కడ? వినబడుతోందా? పేరు చెప్పండి.”

యమున తల్లి మొహంలోకే చూస్తోంది. ముత్తవ్వ ముందుకు జరిగి, ఫోన్ మీది బొచ్చు పోగును కొంగుతో తుడిచింది.

“ముత్తవ్వ, మేడం. యమున తల్లిని.”

పొద్దున ఖాన్దాన్‌లోనే లేని పిల్ల, మూడు దాటేసరికి కూతురైంది.